ఆఫ్రికాకి నూట ఇరవై ఖాళీ బీరువాలు

ఇది మహాగాథ. ఇందులో రెండు ఖండాలున్నాయి, నడుమ ఒక మహాసముద్రముంది. ఒక పెద్ద అభివృద్ధి బ్యాంకు, ఒక తల్లి పొలం, గడియారంతో పోటీ, ఎవరూ ఊహించని ఒక రహస్య పథకం, చివర్లో కన్నీళ్లు కూడా ఉన్నాయి. కాస్త సర్దుకుని కూర్చోండి.

సరే, అంత లేదు. ఇది నూట ఇరవై ఇనుప బీరువాల సంగతి. మహాసముద్రాన్ని నేను చూడలేదు, గోదాముకీ దానికీ మధ్య ఎప్పుడూ కంటైనర్లే అడ్డం. రహస్య పథకం వేసింది మా కాక. కన్నీళ్ల సంగతి అక్కడికొచ్చాక చెప్తాను. అవి చెమటేమోనని నా అనుమానం.

2022లో దుబాయ్‌లోని జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోదాములో నేను ప్యాకింగ్ లిస్టులు రాసేవాణ్ణి. పెట్టెలో ఏముందో కాగితం మీద రాయడం నా పని. పెట్టెలో ఉన్నది కాగితంలో లేకపోయినా తప్పే, కాగితంలో ఉన్నది పెట్టెలో లేకపోయినా తప్పే. జగిత్యాల దగ్గర మా ఊళ్లో అమ్మ మాత్రం "మావోడు దుబాయ్‌ల ఆఫీసరు" అని చెప్పుకునేది. ఆఫీసరు కుర్చీకి ఐదు చక్రాలుండాల్సిన చోట నాలుగే ఉండేవి. ఎడమవైపు వాలితే ఆఫీసరు కింద ఉండేవాడు.

మా దగ్గర్నుంచి సరుకు ఎక్కువగా ఆఫ్రికాకి పోయేది. బోరు పంపులు, బడి బెంచీలు, ఎండతో వెలిగే దీపాలు. ఎక్కడో పెద్దవాళ్లు ఏసీ హాల్లో కూర్చుని పేదరికాన్ని తగ్గించాలని తీర్మానం చేస్తారు. ఆ తీర్మానం ఒక్కో మెట్టూ దిగుతూ మా దగ్గరికి వచ్చేసరికి నట్లూ బోల్టులూ అవుతుంది. మేం వాటిని లెక్కపెట్టి పంపుతాం. నవ్వించడానికి చెప్పడం లేదు, నిజంగా పని అట్లాగే జరుగుతుంది.

ఆసారి వచ్చినవి బీరువాలు. తూర్పు ఆఫ్రికాలో ఒక దేశానికి. పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. పల్లెల్లో భూమి హక్కుల కాగితాలిచ్చే చిన్న చిన్న ఆఫీసులకు ఆ అభివృద్ధి బ్యాంకు బీరువాలు కొనిస్తోంది. ఊరికొకటి, నూట ఇరవై ఊళ్లు. ఆ కార్యక్రమం పేరు ఎంత పొడుగంటే లేబుల్ మీది గడిలో పట్టలేదు. పేదరికం, పాలన, బలోపేతం అన్నీ వచ్చాయి కానీ చివరి రెండు మాటలు గీత దాటి తెగిపోయాయి. నూట ఇరవై లేబుళ్లూ అట్లాగే అచ్చయ్యాయి.

ప్యాకింగ్ చేసేవాళ్లకు పెద్ద మా కాక. నిర్మల్ వైపు మనిషి, గల్ఫ్‌కి వచ్చి ఇరవై మూడేళ్లు. వయసులో పెద్దవాడని నేను కాక అంటే, మిగతావాళ్లూ అదే పట్టుకున్నారు. చివరికి మలయాళీ ముదీర్, అంటే మా మేనేజరు కూడా, హోదా పక్కన పెట్టి కాకా అనే పిలిచేవాడు.

"బ్యాంకోళ్లు బీరువాలు ఎందుకు పంచుతున్నర్రా?" అని కాక అడిగాడు. మనకు తెలిసిన బ్యాంకులు బీరువా ఉన్నవాణ్ణే పలకరిస్తాయి కదా. నేను ఫైల్లో చదివింది చెప్పాను. అక్కడ పల్లెల్లో జనానికి భూమి ఉంటుంది, కాగితం ఉండదు. కాగితం లేకపోతే గట్టు జరుపుతారు, తగాదా పెడతారు, విధవరాలి పొలమైతే మరీ తొందరగా జరుపుతారు. కాగితం ఇద్దామంటే ఆఫీసులో దాచే చోటుండదు. అందుకని ముందు బీరువా.

కాక చేతిలో టేపు ఆగిపోయింది. ఊళ్లో రెండెకరాలకు పాసుబుక్కులో పేరు తప్పు పడితే, దిద్దించుకోవడానికి మూడుసార్లు సెలవు మీద పోయి, మూడుసార్లూ ఆఫీసు బయట బెంచీ మీదే సెలవంతా గడిపి వచ్చిన మనిషి. నాలుగోసారి కాకి, అంటే వాళ్లావిడ, "నువ్వు రాకు, నువ్వడిగినవని ఆ బెంచీకి చెప్త" అందట. ఆ రోజు నుంచి కాక ఆ బీరువాలను పసిపిల్లల్లా చూడ్డం మొదలుపెట్టాడు. గీత పడితే ఊరుకునేవాడు కాదు.

ఇక మూడో మనిషి, గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. ఆమె ఆ దేశం నుంచే వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి. అందరూ సిస్టర్ అనేవాళ్లు, కాక ఒక్కడు బిడ్డా అనేవాడు. కరోనా రోజుల్లో చేరింది. రెండేళ్లపాటు రోజూ ఉదయం జ్వరం చూసే తుపాకీ నా నుదుటికి గురిపెట్టిన మనిషి కాబట్టి మా మధ్య ఒక రకమైన స్నేహం తప్పనిసరైంది. హిందీ మా దగ్గరే నేర్చుకుంది, అందుకని ఆమె హిందీ వింటే హిందీవాళ్లకు అర్థమయ్యేది కాదు.

ఊళ్ల పేర్లు సరిగా రాశానో లేదో చూడమని ఒకరోజు జాబితా ఆమెకిచ్చాను. వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుతూ, నా తప్పులకు నవ్వుతూ, ఎనభై మూడో వరుస దగ్గర ఆగింది. ఆ వరుసను రెండోసారి చదివింది. నవ్వలేదు.

"ఇది మా అమ్మ ఊరు" అంది.

తర్వాత మెల్లగా చెప్పింది. తండ్రి లేడు. అమ్మ అరటి, చిక్కుడు వేసుకునే చిన్న ముక్క ఉంది. తండ్రి తమ్ముడు అందులో సగం తనదంటాడు. అమ్మ పెద్దమనుషుల్ని పిలిచి, కొలిపించి, హద్దులో మొక్కలు నాటించి అర్జీ పెట్టుకుంది. కాగితం తయారై ఊరి ఆఫీసుకు వచ్చింది కూడా. అక్కడ బల్ల కింద అట్టపెట్టెలో పెట్టారు. అమ్మ వెళ్లి అడిగేసరికి గుమాస్తా పెట్టె వంచి చూపించాడట, చెదలు తిన్నాక మిగిలిన మట్టి. మళ్లీ అర్జీ పెట్టింది. ఈసారి గుమాస్తా, బీరువాలు వస్తాయంటున్నారు, అవి రాకుండా నేను అచ్చు వేయను, మళ్లీ చెదలకే పెట్టాలి కదా అన్నాడట. నన్నడిగితే ఆ గుమాస్తా తెలివైనవాడు. ఇక సిస్టర్ ఇల్లు కట్టడానికి కూడబెట్టింది కానీ, కాగితం చేతికొచ్చేదాకా ఆ నేలలో ఒక్క ఇటుక పెట్టనంటోంది. ఈలోగా బాబాయి ఆవులు ఆ చిక్కుడు తింటున్నాయి.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఫైల్లో చదివిన ఇంకో సంగతి కూడా చెప్పాను. ఆ కార్యక్రమం గడువు ముగుస్తోంది. గురువారం ఓడకు ఎక్కిన సరుకే లెక్కలోకి వస్తుంది. ఎక్కనిది రద్దు. బ్యాంకు తలుపు మూసేస్తుంది, మళ్లీ తెరుస్తుందో లేదో ఎవరికీ తెలీదు.

ఆ రోజు నుంచి నేను గేటు దాటినప్పుడల్లా సిస్టర్ అడిగేది, "నా బీరువా ఎంత దూరం వచ్చింది?" అని. అది ఆమె కుర్చీకి నలభై అడుగుల దూరంలో ఉండేది, ఎక్కడికీ రాలేదు. అయినా రోజూ ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. కాక వింటూ ఉండేవాడు.

గురువారం ఉదయం పది గంటలకు తనిఖీ. బ్యాంకు తరఫున వచ్చింది ఒక ఈజిప్టు పెద్దమనిషి. కళ్లద్దాలకు తాడు, చేతిలో రూళ్లకర్ర, నడక నెమ్మది. ఆయన పది పెట్టెలు ఏరి, మొదటిదాని చెక్క తీయించి, బీరువా తలుపు తెరిచి, లోపల చూసి, కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూశాడు.

నడిమి అరలో ఒక చిన్న ప్లాస్టిక్ సంచి. మేం బోల్టులు వేసే సంచే. అందులో పసుపు కలిపిన బియ్యం పిడికెడు, ఒక వక్క, ఒక పసుపు కొమ్ము.

రెండో పెట్టెలోనూ అదే. మూడోదానిలోనూ.

ఆయన ముదీర్ వంక చూశాడు. ముదీర్ నా వంక చూశాడు. నేను నా లిస్టు వంక చూశాను. "ఇనుప బీరువా, ఖాళీ" అని ఉంది. నా జీవితంలో నేను రాసిన అతి స్పష్టమైన వాక్యం అది, అదీ అబద్ధమైంది.

కాక ముందుకొచ్చాడు. దాచలేదు, తడబడలేదు. ఎవరూ అడక్కముందే చెప్పాడు.

"సాబ్, ఖాలీ నై భేజ్తే."

ఖాళీగా పంపరు సాబ్. అంతే ఆయన సంజాయిషీ. మిగతాది నేను ఇంగ్లీషులో అల్లాల్సి వచ్చింది. మా దగ్గర పక్కింటి గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు కూడా ఖాళీగా ఇవ్వరు, ఒక బెల్లం ముక్కో, రెండు మిరపకాయలో వేసిస్తారు. అట్లాంటిది కొత్త బీరువా, అదీ లేనోళ్ల ఊరికి, ఖాళీగా ఎట్లా పంపుతారు? ఆదివారం ముదీర్ సెలవులో ఉండగా, కాకా ఇంకో ఇద్దరూ కలిసి, మేముండే లేబర్ క్యాంపు నుంచి బియ్యం తెచ్చి, ఊరికింత అక్షింతలు కట్టారు. నేనప్పుడు నా కుర్చీ మీద నిలదొక్కుకునే పనిలో ఉన్నాను.

పెద్దమనిషి అంతా విన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది, కోపానికి బతిమాలడం ఒక మందు. ఆయన మర్యాదగా మాట్లాడాడు. మంచి ఆచారమే, కానీ బియ్యమంటే విత్తనం. అక్కడి రేవులో కనిపిస్తే కంటైనరు మొత్తం ఆపేస్తారు, వారాలు పడుతుంది. నూట ఇరవైలోంచీ తీసేయండి, నాలుగు గంటలకు మళ్లీ వస్తాను, అప్పుడు నేను తెరిచిన ఏ పెట్టెలోనైనా గింజ కనిపిస్తే సంతకం పెట్టను అన్నాడు. లారీలు ఆరింటికల్లా ఓడరేవు గేటు దగ్గర ఉండాలి.

సిస్టర్ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో తెలీదు. నేరుగా కాక దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"అంకుల్, మా అమ్మకి తినడానికి గింజలున్నాయి. కాయితమే లేదు."

కాక చెక్కలూడదీసే ఇనప కడ్డీ తీసుకుని మొదటి పెట్టె దగ్గరికి పోయాడు.

ఇక్కడ నేనేదైనా తమాషాగా అని ఉండాలి, నా పని అదే. నేనూ ఒక కడ్డీ అందుకున్నాను. మేం పదకొండు మందిమి. ముదీర్ కూడా చొక్కా చేతులు మడిచాడు. చెక్క ఊడదీయడం, ప్లాస్టిక్ కోయడం, తలుపు తెరిచి సంచి తీయడం, మళ్లీ చుట్టడం, మళ్లీ బిగించడం. సెప్టెంబరు, రేకుల కప్పు, పేరుకి నాలుగు ఫ్యాన్లు. రెండింటికి సిస్టర్ డ్యూటీ అయిపోయింది, కానీ క్యాంపు బస్సు ఎక్కలేదు. గార్డులు సరుకు ముట్టుకోకూడదని రూలు. అందుకని ఒక బకెట్టు ముందు స్టూలు వేసుకుని, పడిన సంచినల్లా లెక్కపెడుతూ కూర్చుంది.

మూడుంపావుకు చివరి పెట్టె మూశాం. ఆమె లెక్క నూట పందొమ్మిది.

తిరిగి లెక్కపెట్టింది. నూట పందొమ్మిదే.

ముదీర్ కాక వైపు తిరిగి, ఒకదాన్లో పెట్టడం మర్చిపోయావేమో కాకా అన్నాడు, ఆశగా. కాక ఒక చెక్క పలక మీద కూలబడ్డాడు.

"మర్చిపోలే. ఎనభై మూడుది లాకర్ల పెట్టిన."

ఆ బీరువాల్లో లోపల ఒక చిన్న లాకరుంటుంది. ఊళ్లో మనవాళ్లు బంగారం దాచుకునే అర. ఫ్యాక్టరీవాళ్లు దాని తలుపు తెరిచి ఉంచి, రెండు తాళంచెవులూ లాకర్లోనే వేసి పంపుతారు. అందరి ఊళ్లకూ నడిమి అరలో పెట్టిన కాక, బిడ్డ ఊరికి మాత్రం మంచి చోట పెట్టాలని లాకర్లో పెట్టి, తలుపు దగ్గరికి నొక్కాడు. అది నొక్కితే పడిపోయే తాళం. చెవులు రెండూ లోపలే. ఆ పెట్టె తెరిచినవాడు నడిమి అర ఖాళీగా ఉంటే, సంచి ఇంకెవరో తీశారనుకున్నాడట.

అంటే, నూట ఇరవై ఊళ్లలో ఆ ఒక్క ఊరి బీరువాలోనే, ఎవరికీ అందనంత భద్రంగా, పిడికెడు బియ్యం ఉంది. ఆ బ్యాంకు కోరుకున్న భద్రత అంతా అక్కడ సాధించేశాం.

లాకరు పగలగొడితే పాడైన సరుకు కింద ఆ బీరువాని పక్కన పెడతారు. ఎనభై మూడో పెట్టెను ఆ పెద్దమనిషి ఏరుకోడులే అని ఊరుకుంటే, ఏరుకున్నాడనుకో, మొత్తం ఆగిపోతుంది. అదనపు బీరువా లేదు. ముదీర్ గొంతు సవరించుకుని, నూట పందొమ్మిది పంపేద్దాం, ఒకటి ఆపేద్దాం అన్నాడు. ఎటు నుంచి చూసినా న్యాయమైన మాట. అందుకే ఎవరూ సిస్టర్ మొహం చూడలేదు.

ఆమె లేచింది. రూలు పక్కనపెట్టి, ఎనభై మూడో పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఫోను దీపం వేసి, తాళం మొహం మీదికి వంగింది.

"ఆరు, ఒకటి, ఏడు" అని చదివింది. "మిగతావాటి నంబర్లు చూడు."

నాకర్థం కాలేదు. విసుగ్గా చెప్పింది. వాళ్ల క్యాంపులో గదికి పన్నెండు లాకర్లుంటాయట. ఆమె లాకరు ఇంకో అమ్మాయి తాళంచెవితో తెరుచుకుంటుందట, రెండింటి మీదా ఒకే నంబరు. ఆ అమ్మాయి ఆర్నెల్లపాటు ఆమె టీపొడి వాడుకుంటే గానీ ఆ సంగతి బయటపడలేదు. ఇట్లాంటి తాళాలు రకానికిన్ని చొప్పున చేస్తారు, నంబరు కలిస్తే చెవి కలుస్తుంది అంది.

అప్పుడే బిగించిన పెట్టెలు మళ్లీ ఊడదీశాం. ఈసారి తలా ఒక వరుస పట్టుకున్నాం. ముప్ఫై ఎనిమిదో పెట్టెలో లాకరు మీద 617 ఉంది. దాని చెవి తెచ్చి ఆమె చేతికిచ్చాను. ఆమె నాకే తిరిగిచ్చేసి, నువ్వే తిప్పు అంది. ఎనభై మూడో లాకరు తెరుచుకుంది.

లోపల సంచి మిగతావాటికి రెండింతలుంది. బియ్యం పైన ఒక కుడుక, నిండు ఎండుకొబ్బరి చిప్ప. అది ఆ ఒక్క ఊరికే.

"తప్పైంది బిడ్డా" అన్నాడు కాక.

సిస్టర్ సంచి విప్పి, కుడుక తీసుకుని, బియ్యం బకెట్లో పోసింది. కుడుకని యూనిఫాం జేబులో దూర్చింది. పట్టలేదు, సగం బయటికి కనిపిస్తోంది.

"నేను కూడా ఖాళీగా పోను, అంకుల్."

ఇదిగో, కన్నీళ్లు ఇక్కడ. కాక భుజం మీది తువ్వాలుతో మొహమంతా తుడుచుకున్నాడు, కళ్లు కాస్త ఎక్కువసేపు. కానీ ఆయన పొద్దుట్నుంచి చెక్కపొట్టులో పని చేశాడు. నేను ప్యాకింగ్ లిస్టులు రాసేవాణ్ణి, చూడనిది రాయను.

ఈజిప్టు పెద్దమనిషి నాలుగింటికి వచ్చి పది పెట్టెలు తెరిపించాడు. ఎనభై మూడు జోలికే పోలేదు. అరల మీద వేలితో రాసి చూసి, పసుపైన వేలిని జేబురుమాలుకు తుడుచుకుని, సంతకం పెట్టాడు. లారీలు ఐదుంపావుకు కదిలాయి. బకెట్టు బియ్యం పారేయడానికి కాక ఒప్పుకోలేదు. వక్కలూ కొమ్ములూ ఏరేసి మర్నాడు పులిహోర చేసి తెచ్చాడు. సిస్టర్ రెండుసార్లు వడ్డించుకుని, ఉప్పు తక్కువైందంది.

మరుసటి ఏడాది ఆమె ఫోనులో ఒక ఫొటో చూపించింది. సున్నం వేసిన చిన్న గది, మట్టి నేల, అందులో మా బూడిదరంగు బీరువా. పక్కన వాళ్లమ్మ, గుళ్లోకి వచ్చినట్టు చెప్పులు విడిచి, చేతిలో కాగితం పట్టుకుని. బీరువా తలుపు మీద నా లేబుల్ ఇంకా ఉంది, కార్యక్రమం పేరు సగంలో తెగి. కాగితం నకలు అమ్మ దగ్గర, అసలుది లాకర్లో. బాబాయి ఆవులు మానేశాయా అని అడిగాను. ఇంకా వస్తున్నాయి, వాటికి చదువు రాదు కదా అంది. కానీ ఇప్పుడు అమ్మ కర్ర పట్టుకుని తోలుతోందట, ఇదివరకు బతిమాలేదట. ఇంటికి పునాది తవ్వారు.

కాక ఆ ఫొటోని తన ఫోనుకి పంపించుకున్నాడు. ఆయన రెండెకరాలు ఇంకా బెంచీ దగ్గరే ఉన్నాయి.

ఖండాలు, సముద్రాలు, మనుషుల మంచితనం అంటూ పెద్ద మాటతో ముగిద్దామని కూర్చున్నాను. కానీ ఆ మధ్యాహ్నం నంబర్లు చూస్తూ పోయినప్పుడు 617 ముప్ఫై ఎనిమిదిలోనే కాదు, నూట రెండులో కూడా కనిపించింది. మేం ఊడదీసిన కొన్నింట్లోనే మిగతా నంబర్లూ అట్లాగే రెండేసి, మూడేసి బీరువాలకు పంచి ఉన్నాయి. ముదీర్‌కి చెప్తే ఆయన అమ్మినవాళ్లకు రాశాడు. ఈ ధరకు తాళాలు ఇట్లాగే ఉంటాయని జవాబొచ్చింది. ఇందులో ఒక సౌకర్యం కూడా ఉందట. చెవి పోతే తాళం మొత్తం మార్చక్కర్లేదు, దాని మీది మూడంకెలు ఎవరు చెప్పినా సరే, కొత్త చెవి పంపిస్తారు.